ట్రాక్టరునకుఁ దగిన నాగలి

ట్రాక్టరు గల రైతు దాని బలమును, తన నేలను చూచి నాగలి నెంచుకొనవలెను. కోత వెడల్పు, లోతు, నేల బిగువు అను మూడింటిని బట్టి లాగుడు భారముండును.

30 సెంటీమీటర్ల కోత గల రెక్కలు రెండున్న నాగలి 15 సెంటీమీటర్ల లోతున దున్నునపుడు, విజయనగరము మెట్టలలోని యిసుకపాలు గల యెఱ్ఱనేలలో భారము సుమారు 450 కిలోలు. నాగావళి, వంశధారల పల్లములలోని జిగటమన్నులో నది రెట్టింపు కావచ్చును. గంటకు నాలుగున్నర కిలోమీటర్ల వేగమున మొదటిదానికి ఏడున్నర, రెండవదానికి 15 గుఱ్ఱపుబలము వలయును. యంత్రపు బలములో పొలమున నాగలికిఁ జేరునది సుమారు సగమే. కావున నీ నాగలికి జిగటనేలలో 30 గుఱ్ఱపుబలపు ట్రాక్టరు కావలెను.

పరీక్ష సులభము. పొలములో నాగలి నెత్తి, వెనుకచక్రము పది చుట్లు తిరుగులోపల బండి పోయిన దూరమును కొలువవలెను. నాగలి దింపి దున్నుచు మరల కొలువవలెను. మొదట 40 మీటర్లు పోయిన బండి పిమ్మట 34 మీటర్లైనను పోనిచో చక్రము మితిమీఱి జాఱుచున్నదని యర్థము. అట్లయిన చమురును, టైరును వ్యర్థమగును. అపుడు లోతైనను, రెక్కల సంఖ్యయైనను తగ్గింపవలెను. నాగలి మఱీ చిన్నదైనను నష్టమే. అదే పొలమునకు ఎక్కువ చాళ్లు తిరుగవలసివచ్చును.

బలమున్నదని వరిమళ్లను లోతుగా దున్నరాదు. అడుగునున్న గట్టిపొర చెదరినచో మడిలో నీరు నిలువదు.