'రన్' అన్నంత మాత్రాన పరుగెత్తించకండి

ఏజెన్సీ వార్తలను తెలుగు చేస్తూనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. అనువాదంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఒక్క 'రన్' అనే క్రియను పట్టుకుని కొన్ని మాటలు చెబుతాను.

1. చిన్న మాటల దగ్గరే నిఘంటువు తీయండి. 'ఫొటోసింథసిస్'కు అర్థం ఒక్కటే, బడిపిల్లలకూ తెలుసు. కష్టమంతా తెలిసినట్టు కనిపించే మాటలతోనే. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టిన మాట 'సెట్'. తర్వాతి కూర్పు కోసం 'రన్'ను తిరగరాసినప్పుడు ఆ ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి.

2. ఏది 'రన్' అవుతోందో ముందు చూడండి. కర్త దొరికితే తెలుగు క్రియ దానంతట అదే వస్తుంది. పిల్లవాడు పరుగెత్తుతాడు. ముక్కు కారుతుంది. కాలువ పారుతుంది. ఫ్యాను తిరుగుతుంది. సినిమా ఆడుతుంది. కొట్టు నడుస్తుంది. కొత్త చీర తొలి ఉతుకులో రంగు దిగుతుంది. దారి పొలాల మధ్యగా పోతుంది. కోస్తాలో కుళాయి వస్తుంది, తెలంగాణలో నల్లా వస్తుంది. రెండుచోట్లా వచ్చేది నీళ్ళేనని ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఇన్ని క్రియలు చేతిలో ఉండగా అన్నిటికీ ఒక్కదాన్నే వాడటం భాషకు అన్యాయం.

3. 'నిర్వహించు'ను తగ్గించండి. హోటల్ నిర్వహిస్తున్నాడని పత్రికలు రాస్తాయి. ఆ వీధిలో అడిగితే హోటల్ నడుపుతున్నాడంటారు. వీధి మాటే రాయండి.

4. వంటింటి మాటను వదులుకోవద్దు. 'రన్ అవుట్' అంటే అయిపోవడం. కానీ మా అమ్మ తరం బియ్యం అయిపోయాయన్న మాట నోట రానిచ్చేది కాదు. 'బియ్యం నిండుకున్నాయి' అనేవారు. తిండిగింజలు లేవనడం అశుభమని, ఖాళీ డబ్బాకూ నిండుదనపు మాటే వాడారు. ఎంత గొప్ప సంస్కారం! కథ అనువదిస్తూ ముసలావిడ నోట ఆ మాట పెట్టి చూడండి, ఇల్లంతా కళ్ళకు కడుతుంది. పెట్రోలుకు మాత్రం 'అయిపోయింది' చాలు. క్రికెట్ రనౌట్‌ను రనౌట్‌గానే ఉంచండి.

5. ఎన్నికల వార్తల్లో ఈ మాట అమెరికా నుంచి వస్తుంది. అక్కడ పదవికి 'రన్' చేస్తారు. ఇంగ్లండులో 'స్టాండ్' అంటారు. మన ఊళ్ళోనూ సర్పంచికి నిలబడ్డాడనే అంటాం. 'అధ్యక్ష పదవికి పరుగు' అనే శీర్షిక నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

6. బూదరాజు రాధాకృష్ణగారి 'ఆధునిక వ్యవహారకోశం' బల్ల మీద ఉంచుకోండి. అదీ చాలకపోతే, రాసిన వాక్యాన్ని ఇంగ్లీషు రాని మనిషికి చదివి వినిపించండి. ఆ మనిషి మళ్ళీ చెప్పమని అడిగితే, దయచేసి ఆ వాక్యాన్ని అచ్చుకు పంపకండి.