చేపలు నేర్చుకొను విధము

చేపకు జ్ఞాపకశక్తి లేదనియు, చూచినదానిని మరుక్షణమే మరచుననియు పలువురు తలంతురు. ఇది సరి కాదు. చేప ఎట్లు నేర్చుకొనునో ఈ పాఠమున తెలిసికొందము.

ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞుడు 1923లో ఒక ప్రయోగమును ప్రకటించెను. జెల్లవలె మీసములు గల ఒక గ్రుడ్డి చేప ఆయన తొట్టిలో ఉండెను. ఆయన ముందుగా ఈల వేసి, వెంటనే మేత నిచ్చుచుండెను. కొన్నాళ్లకు ఈల వినబడినంతనే, మేత పడకమునుపే, ఆ చేప తాను దాగియున్న మట్టిగొట్టమునుండి వెలికి వచ్చెను. ఇచ్చట ఈల గుర్తు; మేత ఫలము. గుర్తు ముందుగను, ఫలము వెంటనేయు రావలెను.

శబ్దమే గుర్తు కానక్కరలేదు. రంగు, వెలుగు, చోటు, ఏదైనను కావచ్చును. సముద్రతీరపు రాతిగుంటలలో నివసించు ఒక చిన్న చేప, పోటు సమయమున రాళ్లమీదుగా ఈదుచు గుంటలున్న చోట్లను తెలిసికొని, ఆటు సమయమున కంటికి కానరాని ప్రక్కగుంటలోనికి గురి తప్పక దుముకునని అమెరికాలో లెస్టర్ ఆరన్సన్ 1951లో తెలిపెను.

ఆంధ్రదేశమున కొల్లేటి ప్రాంతపు రైతులు ఈ గుణమును వాడుకొనుచున్నారు. చిల్లులు పెట్టిన సంచులలో తవుడు నింపి, చెరువులో పాతిన గడలకు వ్రేలాడగట్టుదురు. శీలావతి, బొచ్చె చేపలు ఆ తావునకు అలవాటుపడి, చిల్లులనుండి మేతను లాగికొని తినును. మేత నీటిపాలు కాదు.

గుర్తు చూపియు ఫలము నీయకున్నచో ఏమగును? చేప కొన్నిమార్లు వచ్చును; పిమ్మట రాక మానును.

విద్యార్థులారా! ఇంట చేపలతొట్టి యున్నచో, ప్రతిదినము ఒక ఎఱ్ఱ కాగితమును చూపి, వెంటనే చిటికెడు మేత వేయుడు. ఎన్నవనాడు కాగితము చూచినంతనే చేపలు పైకి వచ్చినవో వ్రాసికొనుడు. తరువాత మేత వేయక కాగితము మాత్రమే చూపి, అలవాటు ఎన్నాళ్లు నిలిచెనో గమనింపుడు.

తల్లిదండ్రులకు మా విన్నపమొకటి. మన చోళపురమున వీధిలోను, అంగడిలోను కానవచ్చునవి తమిళాక్షరములు. బిడ్డ తెలుగు వాచకము తెచ్చి చదివి వినిపింపబోవునపుడు “తరువాత చూతము” అని పలుమార్లు త్రిప్పి పంపినచో, ఆ బిడ్డ తెచ్చుటయే మానును. బిడ్డలు చేపలని మేమనుట లేదు. అయినను మెచ్చుకోలు మాట వెంటనే అందిననే చదువు నిలుచును. దినమునకు పది నిమిషములు కూర్చుండి వినుడు.