రెండంకెల సంవత్సరమును చిన్న వర్తకులును

జాగ్రత్త యనునది సఫలమైనప్పుడు కంటికి కనబడని సుగుణము. చెరువు గట్టు తెగినయెడల ఊరంతయు వచ్చి చూచును. తెగకుండునట్లు వేసవిలోనే మన్ను పోసినవానిని ఎవరును తలంపరు. 2000వ సంవత్సరము ప్రవేశించునప్పుడు కంప్యూటర్లు లెక్కలు తప్పునను భయము లోకమును ఆవరించిన చరిత్ర ఇందులకు మంచి దృష్టాంతము. మన పాఠశాలలో నేడు చదువుచున్న బాలబాలికలు అప్పటికి పుట్టియుండలేదు. వారి తలిదండ్రులు మాత్రము ‘వై టూ కే’ అను మాట వినియుందురు. ఆ కాలమున ప్రభుత్వములును పెద్ద బ్యాంకులును చేసిన ప్రయత్నములను గూర్చి పలువురు వ్రాసియున్నారు. మేమీ వ్యాసమునందు అమెరికా, ఇంగ్లండు దేశములలో ఒకటి రెండు కంప్యూటర్లతో అంగడి నడుపుకొనుచుండిన చిన్న వర్తకులను గూర్చి చెప్ప నుద్దేశించితిమి. వారికి సలహా చెప్పు ఇంజనీర్లు లేరు. వ్యర్థము చేయుటకు ధనము లేదు. కావున వారి అనుభవమునందు మనకు నేర్చుకొనదగినది ఎక్కువగా నున్నది.

మొదట ఆ దోషమెట్లు పుట్టినదో తెలిసికొందము. తొలి దినములలో కంప్యూటరునకు అందింపవలసిన వివరములను అట్టముక్కలపై రంధ్రములుగా పొడుచుచుండిరి. ఒక్కొక్క అట్టపై సాధారణముగా 80 నిలువు వరుసలు మాత్రమే యుండెను. యంత్రములోని జ్ఞాపకస్థానము కూడ మిక్కిలి వెలగలదై యుండెను. అందుచేత 1965 అని వ్రాయుటకు మారుగా 65 అని వ్రాసి రెండంకెల చోటు మిగుల్చుకొనిరి. మనుష్యుడు సందర్భమును బట్టి శతాబ్దమును గ్రహింపగలడు. యంత్రమునకు ఆ వివేచన లేదు. 99 తరువాత 00 వచ్చినప్పుడు అది 1900 అని తలంచును. 1998లో ఇచ్చిన అప్పునకు 2001లో వడ్డీ కట్టవలెనన్న, 01 నుండి 98ని తీసివేసి, కాలము మూడు సంవత్సరములు అనుటకు బదులు ఋణసంఖ్యగా 97 సంవత్సరములని చెప్పును. రాబర్టు బీమరు అను అమెరికా పండితుడు 1971లోనే ఈ విషయమై హెచ్చరించెను. పీటరు డి జాగరు అను కెనడా దేశస్థుడు 1993లో ఒక పత్రికయందు మరల హెచ్చరించిన తరువాతనే వ్యాపారస్థులలో కలవరము పుట్టెను.

ఇందులో మరియొక చిక్కు కలదు. నూటితో నిశ్శేషముగా భాగింపబడు సంవత్సరము లీపు సంవత్సరము కాదు. నన్నూటితో కూడ భాగింపబడినయెడల మాత్రము లీపు సంవత్సరమే. కావున 1900కు ఫిబ్రవరి 29 లేదు, 2000కు కలదు. సూత్రములో సగము మాత్రమే నేర్చినవారు వ్రాసిన ప్రోగ్రాములు ఈ దినమును విడిచిపెట్టు ప్రమాదముండెను.

ఆపద 1999 డిశంబరు 31వ తేది అర్ధరాత్రియందే వచ్చునని చాలమంది తలంచిరి. ఆ తలంపు సరి కాదు. మిచిగన్ రాష్ట్రమునందలి వారెన్ పట్టణములో పండ్లు, కూరగాయలు విక్రయించు అంగడివారొకరు 1995లో సొమ్ము పుచ్చుకొని రసీదు ఇచ్చు కంప్యూటరు యంత్రములను కొనిరి. కొంతకాలమునకు 2000వ సంవత్సరమున గడువు తీరు క్రెడిట్ కార్డులు వాడుకలోనికి వచ్చెను. అట్టి కార్డును యంత్రములో గీచినప్పుడు అది గడువు సంవత్సరమును 00గా చదివి, లెక్క కుదరక, పని మానివేయుచుండెను. ఆ అంగడివారు 1997లో యంత్రములు అమ్మినవారిపై దావా వేసిరి. 1998లో రెండు లక్షల ఏబదివేల డాలర్లకు రాజీ కుదిరెను. ఈ దోషమును గూర్చి న్యాయస్థానమున కెక్కిన మొదటి వ్యాజ్యములలో నిది యొకటి. యంత్రము భవిష్యత్తును లెక్కింపవలసివచ్చిన నాడే దోషము బయటపడునని దీనివలన వర్తకలోకము గ్రహించెను.

ఇంగ్లండులోను ఇట్లే జరిగెను. 1999 డిశంబరు 28వ తేదిని వేలకొలది అంగళ్లలోని కార్డు యంత్రములు నిలిచిపోయెను. అవి నాలుగు దినముల ముందునకు తేదీలను లెక్కించునట్టివి. నాలుగవ దినము 2000లో పడుటచే తడబడెను. అప్పుడు వర్తకులు చేసినదేమి? కాగితపు చీటీలు తీసి, కొనువారిచేత సంతకము చేయించుకొని, బేరము సాగించిరి. జనవరి 1వ తేది వచ్చినంతనే యంత్రములు మరల పనిచేసెను. కాగితము సిద్ధముగా నుంచుకొనినవానికి బేరము చెడలేదు.

ఇక జాగరూకులైన చిన్న వర్తకులు ఏ క్రమమున పనిచేసిరో చెప్పెదము. మొదట, తమ అంగడిలో తేదీతో పనిచేయు వస్తువులన్నిటికిని పట్టిక వ్రాసిరి. కంప్యూటరే గాక టెలిఫోను యంత్రము, దొంగల గంట, ఫ్యాక్సు యంత్రము మొదలగునవి కూడ ఆ పట్టికలో చేరెను. తమయొద్ద నేమేమి యున్నదో అనేకులకు అప్పుడే తెలిసెను. రెండవది, ఆ వస్తువులను చేసినవారికిని, సరకు పంపువారికిని ఉత్తరములు వ్రాసిరి. పెద్ద కంపెనీలును తమకు సరకు నిచ్చు చిన్నవారిని ఇట్లే ప్రశ్నించుచుండుటచే, ఆ యేండ్లలో ప్రశ్నపత్రములు కుప్పలుగా వచ్చిపడెను. మూడవది, లెక్కలన్నిటికిని వేరొక ప్రతి తీసి భద్రపరచిన పిదప, కంప్యూటరు గడియారమును 1999 డిశంబరు 31 అర్ధరాత్రికి రెండు నిమిషముల ముందు నిలిపి, ఏమి జరుగునో చూచిరి. కొన్ని పాత యంత్రములు 2000 అనుటకు బదులు 1980 అని చూపెను. ఫిబ్రవరి 29ని కూడ ఇట్లే పరీక్షించిరి. ప్రతి తీయక పరీక్షించుట నిచ్చెన వేయక నూతిలో దిగుట వంటిది.

నాలుగవది బాగుచేయుట. సంవత్సరమును నాలుగంకెలుగా మార్చుట ఉత్తమ మార్గము. అది వ్యయప్రయాసములతో కూడినది. మరియొక ఉపాయమేమన, 00 మొదలు 29 వరకు గల అంకెలను 2000 పిమ్మటివిగాను, 30 మొదలు 99 వరకు గలవానిని 1900 పిమ్మటివిగాను భావింపుమని యంత్రమునకు నేర్పుట. ఇది సులభమే గాని దోషమును పోగొట్టలేదు; వాయిదా వేసెను. కొందరు గడియారమును 28 సంవత్సరములు వెనుకకు త్రిప్పి 1972గా ఉంచిరి. 2000కును 1972కును తేదీలు, వారములు సరిగా కలియును. రెండును శనివారముతో ఆరంభమైన లీపు సంవత్సరములే. ఎట్లు కలిసెనో విద్యార్థులు లెక్కించి చూడవచ్చును.

ప్రభుత్వములు కూడ చేయూత నిచ్చెను. బ్రిటనులో 1997లో ‘యాక్షన్ 2000’ అను సంస్థ ఏర్పడి చిన్న వ్యాపారములకు బోధ చేసెను. అమెరికాలో 1999 ఏప్రిలునందు, ఈ పనికై చిన్న వ్యాపారస్థులు తీసికొను అప్పులకు ప్రభుత్వము హామీ యుండునట్లు చట్టము చేయబడెను. పెద్ద సంస్థల పాత ప్రోగ్రాములను దిద్దు పనిలో మన తెలుగు యువకులకును పాలు కలదు. కోబాల్ మొదలగు పాత భాషలు నేర్చి అమెరికా చేరిన వారిలో పలువురు అచ్చటనే స్థిరపడిరి. నేడు అచ్చట తెలుగు కుటుంబములు అంతగా నుండుటకు ఇదియు నొక కారణము.

తుదకు నూతన సంవత్సరము వచ్చెను. దీపములు ఆరలేదు, బ్యాంకులు కూలలేదు. చిన్న తప్పులు మాత్రము కొన్ని కనబడెను. న్యూయార్కు రాష్ట్రములో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చు అంగడి కంప్యూటరు, క్యాసెట్టు తిరిగి తెచ్చిన యొకనికి నూరు సంవత్సరములు ఆలస్యమైనదని 91,250 డాలర్ల బాకీ చూపెను. దినమునకు రెండున్నర డాలరు చొప్పున 36,500 దినములకు సరిగా ఇంత మొత్తమగును. నిజమునకు 1900 జనవరి 1 మొదలు 2000 జనవరి 1 వరకు 36,524 దినములు. మిగిలిన 24 దినములు ఎచ్చటివో పిల్లలు చెప్పవలెను. పద్దు చూచి అందరును నవ్విరి. ఎవరును ఆ సొమ్ము అడుగలేదు.

అంతట, “ఇంత ధనము ఏల వ్యయపరచితిమి? భయము వట్టిదే కదా” అని కొందరు నిందించిరి. ఐగుప్తులో యోసేపు ధాన్యపు కొట్లు నింపినందున కరవునాడు జనులు బ్రదికిరి. కొట్లు వ్యర్థమని ఎవరును అనలేదు. ఈ ఉపమానము పెద్ద బ్యాంకుల విషయమున చక్కగా సరిపోవును. వారి ప్రోగ్రాములలో దోషములు నిజముగా కనుగొనబడెను. దిద్దనియెడల లెక్కలు తప్పియుండెడివి. కాని చిన్న అంగళ్ల విషయమున మనము న్యాయముగా మాటలాడవలెను. ఏమియు చేయక ఊరకుండిన చిన్న వర్తకులలో పలువురకు చెప్పదగిన నష్టము కలుగలేదు. యోసేపు కాలమున కొట్లు నింపనివారు ఆకలిగొనిరి; ఇచ్చట నింపనివారును చాలవరకు భుజించిరి. వారి యంత్రములు కొన్ని, వారి లెక్కలు సులభములు. తప్పు వచ్చినను చేతితో దిద్దుకొనగలిగిరి. వారు వాడు ప్రోగ్రాములను చేసినవారు ముందుగానే బాగుచేసి పంపుటయు నొక కారణము.

అట్లయిన జాగ్రత్త అనవసరమా? కాదని మా అభిప్రాయము. జాగ్రత్త వేరు, భయము వేరు. భయపడినవాడు విచారింపకయే పాత కంప్యూటరును పారవేసి క్రొత్తది కొనెను. ఉపేక్షించినవాడు ఏమియు చూడక కాలమును నమ్ముకొనెను. జాగరూకుడో, పట్టిక వ్రాసి, పరీక్షించి, అవసరమైనంత మాత్రమే వ్యయము చేసెను. నిశ్చింతగా నిదురించినవాడు వాడే. పైగా లెక్కలకు ప్రతి తీయు అలవాటును, తన యంత్రములను తానెరుగుటయు వానికి మిగిలిన లాభములు.

ఈ కథ ముగియలేదు. 1970 జనవరి 1 మొదలు సెకనులు లెక్కించు కొన్ని పాత కంప్యూటరు పద్ధతులలో ఆ లెక్క 2,147,483,647 దాటలేదు. 2038 జనవరి 19న ఆ మితి నిండును. నేడు ఈ తరగతులలో కూర్చున్నవారే అప్పుడు ఆ పనికి బాధ్యులగుదురు. అంతవరకు వేచియుండ నక్కరలేదు. మన విద్యార్థులలో అంగళ్లు గల కుటుంబములవారు కలరు. బాకీలు ఫోనులో వ్రాసికొనువారును, సొమ్ము ఫోనుద్వారా పుచ్చుకొనువారును కలరు. ఇంటికి వెళ్లినప్పుడు పెద్దలను మూడు ప్రశ్నలు వినయముగా అడుగుడు: ఈ లెక్కకు వేరొక ప్రతి కలదా? యంత్రము నిలిచినయెడల నేటి బేరము ఎట్లు సాగును? మనకు రావలసినది, ఈయవలసినది కాగితముపై ఎచ్చటనైన నున్నదా? ఈ మూడింటికి ఉత్తరమున్న యింట ఏ దోషము వచ్చినను దీపమారదు.