తిరిగివచ్చిన దారిలో దైవకృప

గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున 22వ శ్లోకమందు, తన్నే చింతించుచు సేవించువారి యోగక్షేమముల భారము తనదేయని మాట యిచ్చియున్నాడు. లేనిది లభించుట యోగమనియు, లభించినది నిలుచుట క్షేమమనియు సామాన్యార్థము. భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున ఇంకొక మెట్టు పైకి తీసికొనిపోయి, భగవత్ప్రాప్తియే యోగమనియు, అచ్చటినుండి మరల తిరిగిరాకుండుటయే క్షేమమనియు వివరించిరి. పెద్దల అర్థము పెద్దదే. ఐనను గృహస్థునకు మొదట కావలసినది చిన్న అర్థము. రేపటికి బియ్యము, పిల్లవాని జ్వరము తగ్గుట, గోదావరి గట్టు దాటకుండుట. ఈ చిన్న అర్థమునందు నమ్మకము కుదురనివానికి ఆ పెద్ద అర్థము మనస్సున నిలుచుట కష్టము.

భజనబృందముతో ఇల్లు విడిచి, ఊరూర నామప్రచారము చేసి తిరిగివచ్చినవారు తరచుగా ఒక మాట అందురు. ఆ దినములలో స్వామి వెంటనే నడచుచున్నట్లుండెను. ఆకలివేసిన చోట ఎవరో పిలిచి అన్నము పెట్టిరి. చీకటిపడిన చోట ఎవరిదో అరుగు దొరకెను. ఇల్లు చేరినది మొదలు ఆ తోడు తెగిపోయినట్లున్నది. బజారు, అప్పు, పొలము తగవు, ఇవియే మిగిలినవి. ఈ దిగులు నిజమైనది. భక్తి చాలలేదని దీనిని కొట్టివేయరాదు. గోదావరీ తీరముననే జరిగిన ఒక చరిత్ర ఈ దిగులునకు చక్కని సమాధానము చెప్పుచున్నది. అది శ్రీకృష్ణచైతన్య మహాప్రభువు దక్షిణదేశయాత్ర. పోవునప్పటి కథ అందరు ఎరిగినదే. వచ్చునప్పటి కథను చదువువారు తక్కువ.

వంగదేశమందలి నవద్వీపమున 1486లో అవతరించిన మహాప్రభువు 1510లో సన్న్యసించి పూరీక్షేత్రము చేరెను. ఆ సంవత్సరమే వైశాఖమాసమున దక్షిణమునకు బయలుదేరెను. ఒంటరిగా పోవుదునని ఆయన సంకల్పము. నిత్యానందప్రభువు అందుకు ఒప్పుకొనలేదు. ఆయన చెప్పిన కారణము మిక్కిలి సామాన్యమైనది. స్వామి రెండు చేతులు నామసంఖ్య లెక్కించుటయందే యుండును, కౌపీనము, పైబట్ట, నీళ్ళపాత్ర మోయువారెవరు? దారిలో తెలివితప్పి పడినచో వానిని కాపాడువారెవరు? కనుక కృష్ణదాసుడను బ్రాహ్మణుని వెంటబెట్టిరి. కృష్ణదాస కవిరాజు వంగభాషలో రచించిన చైతన్యచరితామృతము ఈ చిన్న సంగతిని విడువక చెప్పినది. లోకమునకు నామము పంచబోవుచున్న మహాపురుషునకును నీళ్ళపాత్ర మోయుటకు ఒక మనిషి కావలసివచ్చెను. ఆ ఏర్పాటును స్నేహితుని నోట పలికించినవాడు ఎవడో వేరుగ చెప్పనక్కరలేదు.

మొదటి మజిలీలలో శ్రీకూర్మము ఒకటి. అచ్చట కూర్ముడను గృహస్థు స్వామికి పాదప్రక్షాళనము చేసి, భిక్ష పెట్టి, ఇల్లు విడిచి తానును వెంట వత్తునని వేడుకొనెను. మహాప్రభువు వలదనెను. ఇంటనే యుండి నామము చేయుచు, కనబడినవారికెల్ల కృష్ణుని మాట చెప్పుమనియు, సంసారపు అలలు నిన్ను అడ్డవనియు, ఈ చోటనే మరల నా సాంగత్యము దొరకుననియు ఆజ్ఞాపించెను. దారిపొడవున తనకు భిక్ష పెట్టిన ఇంటింట ఆయన ఇదే మాట చెప్పెనని గ్రంథము. ప్రచారమనగా ఇల్లు విడుచుట మాత్రమే యని తలంచువారు ఈ ఘట్టమును ఒకమారు నెమ్మదిగ చదువవలెను.

అచ్చటనే కుష్ఠరోగియైన వాసుదేవుని కథయు కలదు. స్వామి కౌగిలించుకొనగనే వాని రోగము పోయెనన్నది అందరు తలచుకొను మహిమ. కాని కవిరాజు అంతకు ముందు వ్రాసిన ముక్క మహిమకంటె గొప్పది. పుండునుండి క్రిందపడిన పురుగును వాసుదేవుడు మరల తీసి, దాని చోట దానిని పెట్టెడివాడట. దాని ఆహారము పోగొట్టరాదని అతని దయ. ఇంక రోగము మానిన పిమ్మట అతడు సంతోషించుటకు మారు భయపడెను. చక్కని దేహము వచ్చినది, దానితో గర్వము వచ్చునేమో యని దిగులు. ఎల్లప్పుడు నామము చేయుము, గర్వము రాదని స్వామి అభయమిచ్చెను. ఈ కథలో దైవకృప ఎచ్చట ప్రారంభమైనది? కౌగిలితో ప్రారంభమైనదనుట తొందరపాటు. ఒళ్ళంతయు పుండైనవాని మనస్సులో పురుగుపై జాలి నిలిచియుండుట ఏ వైద్యమునకును లొంగని అద్భుతము. అది కౌగిలికి ముందే యున్నది.

అచ్చటినుండి సింహాచలము సేవించి, స్వామి గోదావరిని చేరెను. ఆ నదిని చూచినంతనే యమునయు, ఒడ్డున తోపులు చూచినంతనే బృందావనమును తోచెనట. నది దాటి స్నానము చేసి, రేవునకు కొంత ఎడముగ నీటిచెంత కూర్చుండి నామము చేయుచుండగా, పల్లకిలో మంగళవాద్యములతో, వెంట వైదిక బ్రాహ్మణులతో రామానందరాయలు స్నానమునకు వచ్చెను. ఇతడు కళింగాధీశుడైన ప్రతాపరుద్ర గజపతికి రాజమహేంద్రవర ప్రాంతమున ప్రతినిధి. గౌడీయ సంప్రదాయము ఈ సమాగమస్థలమును కొవ్వూరు గోష్పాదతీర్థముగ భావించుచున్నది. అచ్చట రామానంద గౌడీయమఠము నేటికిని కలదు. సన్న్యాసి లేచి అధికారిని కౌగిలించుకొని కన్నీరు విడువగా చుట్టునున్న బ్రాహ్మణులు విస్తుపోయిరి. తరువాత పది రాత్రులు వారిరువురికి జరిగిన ప్రశ్నోత్తరములు భక్తిశాస్త్రమునకు తలమానికములు. వానిని గూర్చి ఎందరో వ్రాసిరి, ఇచ్చట విస్తరింప పనిలేదు.

ఆ పది రాత్రులు జరుగుటకు మొదటి దినమున ఒక మధ్యాహ్నము గడువవలెను గదా. రేవునందు కలిసిన తరువాత రాయలు సెలవు తీసికొనెను. అప్పుడు వైదికుడైన ఒక వైష్ణవ బ్రాహ్మణుడు నమస్కరించి స్వామిని భిక్షకు పిలిచెను. ఆయన ఇంట మధ్యాహ్నము గడపి, సాయంస్నానము చేసి, స్వామి రాయల కొఱకు ఎదురుచూచెను. ఈ గృహస్థుని పేరు గ్రంథమున లేదు. అతని ఇల్లాలు ఏమి వండెనో, అనుకొనని అతిథికి ఎన్ని కూరలు చేయగలిగెనో లేదు. రామానంద సంవాదమును పారాయణము చేయువారిలో ఈ ఇంటిని తలచుకొనువారు అరుదు. ఆ ఇంటి పొయ్యి వెలుగకున్న సంవాదము ఆకలితో ప్రారంభము కావలసియుండెను.

తరువాత అహోబలము, తిరుపతి, శ్రీరంగము, రామేశ్వరము, మలయాళదేశము, పండరిపురము. శ్రీరంగమున వేంకటభట్టు ఇంట చాతుర్మాస్యము నాలుగు నెలలు గడిచెను. వెళ్ళివచ్చుటకు రెండు సంవత్సరములు పట్టెను. బయలుదేరునప్పుడు కౌపీనము, పైబట్ట, నీళ్ళపాత్ర. తిరిగివచ్చునప్పుడు వానికి తోడు రెండు గ్రంథముల ప్రతులు. ఒకటి మలయాళదేశపు ఆదికేశవుని ఆలయమున దొరకిన బ్రహ్మసంహిత. రెండవది మన కృష్ణాతీరమున దొరకిన లీలాశుకుని కృష్ణకర్ణామృతము. వానిని తెచ్చి గోదావరీ తీరమున రాయల చేతిలో పెట్టెను. రాయలు స్వామితో కూడి వానిని ఆస్వాదించి, తనకొక ప్రతి వ్రాయించుకొనెను.

తిరుగురాక ఇచ్చట చూడదగినది. గోసాయి వచ్చెనని ఊరంతయు కోలాహలమయ్యెను. జనము వచ్చి మూగిరి. ఆ జనమును చూచి రాయలు తన ఇంటికి పోయెను. మధ్యాహ్నము కాగా స్వామి భిక్షకు లేచెను. రాత్రి రాయలు మరల వచ్చెను. ఐదేడు దినములు ఇట్లే గడచెనని కవిరాజు వ్రాసెను. రెండు సంవత్సరముల మహాయాత్ర ముగించి వచ్చినవాని కథలో ఏ కుష్ఠమును మానలేదు, ఏ ఆకాశవాణియు పలుకలేదు. ఊరిజనము, పగటి అన్నము, రాత్రి మాట. ఇంతియే. కాని ఆయనకు ఇది వెలితిగ తోచినట్లు ఒక్క అక్షరమును గ్రంథమున లేదు. పరమానందముగ కాలము గడచెననియే యున్నది. పోవునప్పుడు యమునగ కనబడిన నది, వచ్చునప్పుడు గోదావరిగనే ఆయనకు చాలినది.

రాయలు అప్పటికే కొలువు విడుచుటకు రాజునకు వ్రాసికొని అనుమతి పొందియుండెను. ఏనుగులు, గుఱ్ఱములు, సైన్యము, వాని సందడి తన వెంట నుండును గనుక స్వామి ముందుగ పోవలెననియు, పది దినములలో ఇచ్చటి వ్యవహారము చక్కబెట్టుకొని తాను వత్తుననియు విన్నవించెను. తరువాత పూరిలో ప్రతాపరుద్రుడు, ముందరి జీతమే పూర్తిగ తీసికొనుచు నిశ్చింతగ స్వామిని సేవించుకొమ్మని అతనితో చెప్పెను. క్షేమమను మాటకు ఇంతకంటె సూటియైన ఉదాహరణము దొరకదు. భగవంతుని మాట ఒక్కొక్కప్పుడు రాజుగారి జీతపు ఉత్తరువుగ వచ్చును. కొన్నియేండ్లకే శ్రీకృష్ణదేవరాయల దండయాత్ర ఈ సీమమీదుగ సాగి, 1516లో ఆయన సింహాచలము చేరెను. రామానందుని ఆ యుద్ధమునుండి తప్పించుటకే ఇది జరిగినదని కవిరాజు చెప్పలేదు. మనమును చెప్పరాదు.

ఈ జాగ్రత్త గోదావరిసీమ వారికి మిక్కిలి అవసరము. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి, కొబ్బరితోటలు నేలమట్టమయ్యెను. బ్రతికినవానిని స్వామి చూచెను, పోయినవానిని చూడలేదు అను మాట భక్తునినోట రాదగినది కాదు. వాసుదేవుని పుండు మానకమునుపే కృప అతనియందున్నది గదా. నిత్యజీవితమున దైవరక్షణ చూచుట యనగా నష్టము లేదనుట గాదు, ప్రక్కింటివాని నష్టముతో మన లాభమును కొలుచుటయు గాదు. ఆ తుపాను మరునాడు కడుపునిండని ఊరిలో ఎవరి చేయి అన్నముకుండ దించినదో, ఆ చేతిని గుర్తించుట.

పూరి చేరిన తరువాత జరిగిన రెండు సంగతులు చెప్పి ముందునకు పోవలెను. ఆ రాత్రి స్వామి తనవారితో తీర్థముల ముచ్చట చెప్పుచు జాగరణము చేసెను. అన్ని క్షేత్రములు తిరిగియు, సార్వభౌమ భట్టాచార్యునితో, తనకు మిక్కిలి సుఖమిచ్చినవాడు ఒక్క రామానందరాయలే యనెను. రెండవది కృష్ణదాసుని సంగతి. నీళ్ళపాత్ర మోసిన ఈ బ్రాహ్మణుడు మలయాళదేశమున కొందరి మాయమాటలకు లోబడి స్వామిని విడిచిపోగా, స్వామియే పోయి తీసికొనివచ్చెను. పూరిలో ఇంక నీ ఇష్టమువచ్చిన చోటికి పొమ్మని విడిచిపెట్టెను. అతడు ఏడ్చెను. నిత్యానందాదులు ఆలోచించి, స్వామి క్షేమముగ తిరిగివచ్చెనని శచీమాతకు చెప్పుటకు మనిషి కావలెను గదా యని, జగన్నాథ మహాప్రసాదమిచ్చి అతనినే నవద్వీపమునకు పంపిరి. రెండేండ్లుగ కొడుకు జాడ తెలియక ఇంట నున్న తల్లికి ఆ మంగళవార్త తెచ్చినవాడు, దారితప్పి పనికిరాడనిపించుకొన్న ఆ సేవకుడే. అతని తప్పు ఆ తల్లికి అక్కరలేదు. అతని చేతిలో ప్రసాదమున్నది.

ప్రచారమునకు పోవువాడు యోగమును అనుభవించును. అతనికి అడుగడుగున క్రొత్త ఇల్లు, క్రొత్త విస్తరి. ఇంట నున్నవాడు ఆ యోగమునకు ద్వారమగును. విస్తరి వేయించుకొన్నవాడు ఇల్లు చేరిన తరువాత తానే విస్తరి వేయవలసిన వంతు వచ్చును. తోడు తెగినదనుకొన్నచోట జరిగినది ఈ వంతు మారుటయే. గోదావరిసీమలో దీనిని ఎరిగి బ్రతికిన గృహిణి ఒకరు మనకు దగ్గరికాలముననే యుండిరి.

డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమునకు కోడలుగ వచ్చిరి. భర్త జోగన్నగారు వ్యవసాయము గల గృహస్థు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై డెల్టాకు నిలుకడయైన నీరు వచ్చిన తరము వారిది. పంట పండించినది నీరు, నీరు నిలిపినది ఆనకట్ట, ఆనకట్ట కట్టినవి వేలకొలది కూలీల చేతులు. ఈ వరుసలో భగవంతుని చేయి ఏది యని వేరుచేసి చూపమనుట అన్నములో ఉప్పు ఎక్కడ నున్నదో చూపమనుట. లంకలలో రేవులు దాటి వచ్చిన బాటసారులకు వేళ కాని వేళ అన్నము పెట్టుటయే సీతమ్మగారి వ్రతము. 1909లో పరమపదించువరకు అది సాగెను. నేడు గన్నవరమున వైనతేయ పాయపై నున్న అక్విడక్టునకు వారి పేరు కలదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు వారి పేరే పెట్టెను.

ఇంటిపని వలన ఆ తల్లికి క్షేత్రదర్శనమునకు తీరిక చిక్కెడిది కాదు. ఒకమారు ఎట్లో తీరిక చేసికొని, అంతర్వేది లక్ష్మీనృసింహస్వామిని సేవింపగోరి బయలుదేరిరని కోనసీమలో నేటికిని చెప్పుకొందురు. దారిలో విశ్రమించిన చోట ఒక పెండ్లిబృందము ఎదురయ్యెను. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండిరి. కొంచెము ఓర్చుకొనుడు, గన్నవరము చేరితిమా సీతమ్మగారు ఉన్నారు, అన్నము పెట్టుదురని పెద్దలు వారిని ఊరడించుచుండిరి. ఆ మాట వినిన సీతమ్మగారు తానెవరో చెప్పలేదు. స్వామి దర్శనము మరియొకమారు చేసికొందమని తనవారితో చెప్పి, ప్రయాణము వెనుకకు త్రిప్పించి, ఆ బృందముకంటె ముందుగ ఇల్లు చేరి ఎసరు పెట్టించిరి. పెండ్లివారు వచ్చుసరికి విస్తళ్ళు వేసియుండెను.