దృష్టి: సముద్రం మీద డ్రోన్ కళ్ళు

ముందుగా ఆలోచించండి

పిల్లలూ, మీరు సముద్రం ఒడ్డున నిలబడ్డారు. దూరంగా నీళ్ళ మీద ఒక నల్లటి చుక్క కనిపించింది. అది పడవా? పక్షా? లేక కెరటమా? మీరెలా చెబుతారు? మీ జవాబు పుస్తకంలో రాసుకుని, తర్వాత పాఠం చదవండి.

పాఠం

భారత నౌకాదళం కోసం తయారైన ఒక పెద్ద డ్రోన్‌ను 2024 జనవరి 10న హైదరాబాద్‌లో ఆవిష్కరించారు. దాని పేరు 'దృష్టి-10 స్టార్‌లైనర్'. దృష్టి అంటే చూపు. పేరులోనే దాని పని ఉంది, చూశారా! ఇజ్రాయెల్ వాళ్ళ 'హెర్మెస్ 900' దీనికి ఆధారం. ఇది ఆగకుండా 36 గంటలు ఎగరగలదు. 450 కిలోల బరువు మోయగలదు.

డ్రోన్ మోసుకెళ్ళే పరికరాలను పేలోడ్ అంటారు. అమ్మమ్మగారి ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు మీ ఇంట్లో పెట్టెలు తూకం వేస్తారు కదా? ఆవకాయ సీసా పెట్టాలంటే ఇంకేదో తీసేయాలి. డ్రోన్ సంగతీ అంతే. పరికరాల బరువు పెరిగితే ఇంధనానికి చోటు తగ్గుతుంది, ఎగిరే గంటలూ తగ్గుతాయి. అందుకే ఏ పరికరం తప్పనిసరో ఇంజనీర్లు బాగా ఆలోచించి పెడతారు.

సముద్రం మీద కాపలా కాసే డ్రోన్లకు సాధారణంగా మూడు రకాల 'కళ్ళు' ఉంటాయి.

1. రాడార్: రేడియో తరంగాలను పంపి, తగిలి వెనక్కి వచ్చిన వాటిని పట్టుకుంటుంది. రాత్రయినా, మబ్బు పట్టినా పనిచేస్తుంది. కానీ పెద్ద కెరటాలు కూడా తరంగాలను వెనక్కి పంపుతాయి. ఆ గందరగోళంలో చిన్న చెక్కపడవ దాక్కుపోతుంది.

2. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా: వేడిని చూస్తుంది. చీకట్లో కూడా పడవ ఇంజను వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. కానీ దట్టమైన పొగమంచు ఉంటే దీని చూపు మందగిస్తుంది.

3. ఏఐఎస్ రిసీవర్: ఇది కన్ను కాదు, చెవి అనాలి! పెద్ద ఓడలు తమ పేరు, చోటు, వేగం రేడియోలో చెబుతూ ఉంటాయి. ఇది వాటిని వింటుంది. కానీ చిన్న చేపల పడవల్లో చాలావాటికి ఏఐఎస్ ఉండదు. కావాలని దాన్ని ఆపేసే ఓడలూ ఉంటాయి.

ఒక్కో కంటికి ఒక్కో లోపం ఉంది కాబట్టి మూడింటినీ కలిపి చూస్తారు.

మరి ఇవి సరిగ్గా పనిచేస్తున్నాయని ఎలా తెలుస్తుంది? పరీక్షించాలి. మొదట నేల మీద పరికరాన్ని గట్టిగా కుదుపుతారు, ఉప్పునీటి తుంపరలో ఉంచుతారు. ఎందుకంటే ఉప్పుగాలి లోహాన్ని తినేస్తుంది. తర్వాత సముద్రం మీదికి వెళ్తారు. ఒక పడవను తమకు తెలిసిన చోట నిలిపి, డ్రోన్ దాన్ని కనిపెట్టిందో లేదో చూస్తారు. ఉన్న పడవ కనిపించకపోతే ఒక తప్పు. లేని పడవ ఉందని చెబితే ఇంకో తప్పు. రెండూ లెక్కపెడతారు.

పరీక్షలు అన్నీ సాఫీగా సాగవు. 2025 జనవరిలో ఒక దృష్టి-10, నౌకాదళానికి అప్పగించక ముందు జరిగిన పరీక్షల్లో, గుజరాత్‌లోని పోర్‌బందర్ దగ్గర సముద్రంలో పడిపోయింది. డ్రోన్ కాబట్టి లోపల పైలట్ లేడు. లోపాలు బయటపడాల్సింది పరీక్షలోనే.

ఇంత జాగ్రత్త ఎందుకు? 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి దూరంగా ఒక ఇటలీ చమురు ఓడ వెళ్తోంది. ఓడకు కాపలాగా ఉన్న సైనికులు దగ్గరికొస్తున్న ఒక పడవ మీద కాల్పులు జరిపారు. సముద్రపు దొంగలనుకున్నామని తర్వాత చెప్పారు. అది చేపల పడవ. ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. అక్కడ డ్రోన్ లేదు. పడవ అందరికీ కనిపించింది కూడా. కానీ అందులో ఎవరున్నారో తెలియలేదు.

కనిపించడం వేరు, తెలియడం వేరు. మన పెద్దలు ఎప్పుడో అన్నారు: 'తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు.' ఎంత మంచి డ్రోన్ అయినా చుక్కను చూపిస్తుంది. ఆ చుక్కలో మనుషులున్నారని గుర్తుపెట్టుకోవాల్సింది మనుషులే.

కొత్త మాటలు

నౌకాదళం: సముద్రం మీద దేశాన్ని కాపాడే సైన్యం
ఆవిష్కరించడం: కొత్తదాన్ని మొదటిసారి అందరికీ చూపించడం
తుంపర: చిన్న చిన్న నీటి చుక్కలు
మత్స్యకారులు: చేపలు పట్టి బతికేవాళ్ళు
పొరబడటం: ఒకటి చూసి ఇంకొకటి అనుకోవడం

అభ్యాసం

అ. ఒకటి రెండు వాక్యాల్లో జవాబు రాయండి.
1. పేలోడ్ బరువు పెరిగితే ఏమవుతుంది?
2. చిన్న చెక్కపడవను రాడార్ ఎందుకు కనిపెట్టలేకపోవచ్చు?
3. పరీక్షలో లెక్కపెట్టే రెండు తప్పులు ఏవి?

ఆ. తేడా చెప్పి, సొంత వాక్యాలు రాయండి.
చూడటం – పోల్చుకోవడం
దృశ్యం – అదృశ్యం

ఇ. ఇంట్లో మాట్లాడండి.
మీరు ఎప్పుడైనా ఎవరినైనా దూరం నుంచి చూసి పొరబడ్డారా? అమ్మనో, నాన్ననో, తాతయ్యనో కూడా అడగండి. వాళ్ళు చెప్పింది ఐదు వాక్యాల్లో రాసి తరగతిలో చదవండి.