ఒకే బాధ – వేరు వేరు వ్యాధులు: జీర్ణకోశ రుగ్మతలను గుర్తించే విధానం

తపతీ నదీతీరాన వెలసిన సూరత్ నగరం జరీ పనికి, వస్త్ర పరిశ్రమకు, వజ్రాల సానకు ప్రసిద్ధి చెందింది. మరమగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్ళిన నేత కుటుంబాలు అక్కడ తరాల తరబడి స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలోనూ పాఠశాలలు నడుపుతూ వచ్చింది. నగరానికి నైరుతి దిశలో ఉన్న ఆల్థాన్ వంటి పేటలో సైతం ఈ భాషలు పక్కపక్కనే వినవస్తాయి. అయితే ఏ భాషవారికైనా కడుపులో బాధ కలిగినప్పుడు సాధారణంగా నోట వచ్చే మాట ఒక్కటే: ‘గ్యాస్’.

ఛాతీలో మంట, పై కడుపులో నొప్పి, పొట్ట ఉబ్బరం, పుల్లత్రేన్పులు, విరేచనాలు – వీటన్నిటికీ ఆ ఒక్క మాటే చెల్లుతున్నది. కాని ఆ మాట చాటున అరడజనుకు పైగా వ్యాధులు దాగి ఉండవచ్చు. వాటిలో కొన్ని ఆహార నియమంతో తగ్గిపోతాయి. కొన్నింటికి నెలల తరబడి చికిత్స కావాలి. ఒకదానికి ఇచ్చే మందు మరొకదానికి హాని చేసే సందర్భాలు కూడా ఉన్నాయి. కావున లక్షణాలలోని పోలికల కంటే భేదాలను గమనించడం ముఖ్యం.

గ్రహణి నేర్పిన పాఠం

ఈ విషయానికి తెలుగువారి చరిత్రలోనే ఒక నిదర్శనం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధికి స్వల్ప వ్యవధిలో బలియైపోయారు. తరువాత సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకగా, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. విడవని విరేచనాలు, నోటిపూత, రక్తహీనత, శరీరం శుష్కించిపోవడం దీని లక్షణాలు. ‘స్ప్రూ’ అన్నది డచ్చి భాష నుండి వచ్చిన పదం. మన సంప్రదాయ వైద్యంలో ఇటువంటి బాధలను గ్రహణి అన్నారు. గుజరాతీలోనూ ‘సంగ్రహణి’ అన్న మాట వాడుకలో ఉన్నది.

అమెరికా వెళ్ళిన సుబ్బారావు లెడర్లీ పరిశోధనశాలకు సారథ్యం వహించారు. ఆయన నాయకత్వంలోని శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్లు ప్రకటించారు. అదే పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న క్లోర్‌టెట్రాసైక్లిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశారు. ఉష్ణమండల స్ప్రూకు నేటికీ ఇచ్చే చికిత్స ఈ రెండు మార్గాలదే: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ వర్గపు మందు.

ఇంచుమించు ఇవే లక్షణాలు గల మరొక వ్యాధి సీలియాక్. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కొందరి శరీరానికి సరిపడదు. దానిని తిన్నప్పుడు చిన్నప్రేగు లోపలి చూషకాలు దెబ్బతిని, ఆహారసారాన్ని గ్రహించే శక్తి తగ్గిపోతుంది. స్ప్రూలోనూ ఈ చూషకాలే దెబ్బతింటాయి గనుక సూక్ష్మదర్శినిలో రెండూ ఒకే తీరుగా కనిపించవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి రోజులలో నెదర్లాండ్స్‌లో రొట్టెకు కరవు ఏర్పడినప్పుడు ఈ వ్యాధి గల పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి లభించగానే మళ్ళీ జబ్బుపడడం విలెం డికె అనే పిల్లల వైద్యుడు గమనించాడు. గోధుమకు ఈ వ్యాధితో గల సంబంధాన్ని ఆయన 1950లో తన సిద్ధాంత వ్యాసంలో నిరూపించాడు. సీలియాక్ రోగికి గోధుమ మానడమే చికిత్స. స్ప్రూ రోగి గోధుమ మానినా ప్రయోజనం ఉండదు.

వరి అన్నానికి అలవాటైనవారు గోధుమ రొట్టెలు తినే ప్రాంతానికి తరలివెళ్ళినప్పుడు ఈ భేదం మరింత గమనార్హం. సీలియాక్ దక్షిణాదిలో కంటే గోధుమ ఎక్కువగా తినే ఉత్తర భారతంలో అధికంగా కనిపిస్తున్నది. రొట్టె తిన్న తరువాత బాధ కలిగిన ప్రతివారికీ ఈ వ్యాధి ఉన్నట్లు కాదు. అనుమానం కలిగితే రక్తంలోని ప్రతిరక్షకాల పరీక్ష, అవసరమైతే చిన్నప్రేగు ముక్క పరీక్ష చేయాలి. పరీక్షలు ముగిసే వరకు గోధుమ మానకూడదు. ముందే మానివేస్తే పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు. వ్యాధి నిర్ధారణ అయినవారు వరి, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న నిశ్చింతగా తినవచ్చు.

పై కడుపు బాధలు

రొమ్ముటెముక వెనుక మంట పుట్టి గొంతువైపు ఎగబాకడం, భోజనం చేసిన వెంటనే పడుకున్నా ముందుకు వంగినా అది హెచ్చడం – జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతున్నదనడానికి గుర్తు. ఆంత్రమూలంలో పుండు ఉన్నవారికి సాధారణంగా ఖాళీ కడుపుతోనూ నడిరాత్రిలోనూ నొప్పి వచ్చి, ఏదైనా తింటే కొంత శాంతిస్తుంది. జీర్ణాశయపు పుండైతే తిన్న తరువాత నొప్పి పెరగవచ్చు. ఈ నియమాలు అందరిలో ఒకేవిధంగా వర్తించవు.

పుండ్లకు దిగులు, కారం కారణాలని చాలాకాలం నమ్మేవారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని వేరుచేయడంతో ఆ నమ్మకం మారిపోయింది. మార్షల్ స్వయంగా ఆ సూక్ష్మజీవులు గల ద్రావణాన్ని త్రాగి, జీర్ణాశయపు వాపునకు గురై తన వాదాన్ని బలపరచుకున్నాడు. వీరికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. ఈ సూక్ష్మజీవితో పాటు, నొప్పి మాత్రలను విచ్చలవిడిగా వాడడం కూడా పుండ్లకు ముఖ్యకారణం.

కొవ్వు పదార్థాలతో కూడిన భోజనం తరువాత కుడి డొక్క పైభాగాన తీవ్రమైన నొప్పి వచ్చి, అరగంట మొదలు కొన్ని గంటల వరకు నిలిచి, వీపుకు గాని కుడి భుజానికి గాని ప్రాకితే పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవేమో చూడాలి. ఛాతీ బరువుతో పాటు చెమట, ఆయాసం, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి ఉంటే అది గుండెపోటు కావచ్చు. దానిని గ్యాస్ అనుకొని సోడా త్రాగుతూ కూర్చుంటే ప్రాణానికే ముప్పు.

బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కొన్ని గంటలలో కుడివైపు క్రిందికి జరిగి, వాంతి, జ్వరం తోడైతే ఉండుకపు వాపును అనుమానించాలి. అట్టి సమయంలో కడుపు శుభ్రపడుతుందని ఆముదం త్రాగించడం ప్రమాదకరం.

విరేచనాలలో భేదాలు

పాలు త్రాగిన కొద్దిసేపటికి ఉబ్బరం, గుడగుడ, నీళ్ళ విరేచనాలు కలిగి, పెరుగు, మజ్జిగ మాత్రం సరిపడుతుంటే అది పాలలోని లాక్టోజు అనే చక్కెర జీర్ణం కాకపోవడం వల్ల కావచ్చు. మలంలో చీము, నెత్తురు కనిపిస్తే అమీబా గాని ఇతర సూక్ష్మజీవులు గాని కారణం కావచ్చు. ఆ స్థితి వారాల తరబడి సాగితే పెద్దప్రేగు లోపల పుండ్లు పడే దీర్ఘవ్యాధి ఉన్నదేమో పరీక్షించాలి.

నెలల తరబడి కడుపునొప్పి వస్తూ, మల విసర్జన తరువాత తగ్గుతూ, ఒకప్పుడు మలబద్ధకం, మరొకప్పుడు విరేచనాలు కలుగుతున్నా, బరువు తగ్గక, నెత్తురు పడక, బాధ నిద్ర నుండి లేపకపోతే అది ప్రేగుల చలనంలోని సున్నితత్వం వల్ల కలిగే రుగ్మత కావచ్చు. బాధ నిజమైనదే అయినా దీనివల్ల ప్రాణభయం లేదు.

మన దేశపు వైద్యులను తికమకపెట్టే జంట మరొకటి ఉన్నది: ప్రేగుల క్షయ, క్రోన్స్ వ్యాధి. రెండూ తరచుగా చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలిసే చోటనే కనిపిస్తాయి. రెండింటిలోనూ నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. క్రోన్స్ వ్యాధికి వాడే స్టెరాయిడ్లను క్షయరోగికి ఇస్తే క్షయ విజృంభించవచ్చు. క్షయ మందులు క్రోన్స్ రోగికి ఇస్తే అసలు చికిత్స నెలల తరబడి ఆలస్యమవుతుంది. అందువల్లనే ఎండోస్కోపు ద్వారా తీసిన ముక్కలు, క్షయక్రిమి పరీక్షలు, మందులు మొదలుపెట్టిన తరువాత కనిపించే మార్పు – వీటన్నిటినీ కలిపి చూసి గాని వైద్యులు నిర్ధారణకు రారు.

రోగి చెప్పవలసినవి

నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి ప్రాకుతున్నది? భోజనానికి ముందా, తరువాతా? ఏ పదార్థం తింటే హెచ్చుతున్నది? ఎన్నాళ్ళుగా ఉన్నది? మలం రంగులో మార్పు ఉన్నదా? బరువు తగ్గిందా? ఇంతకుముందు ఏ మందులు వాడారు? ఈ ప్రశ్నలకు జవాబులు ముందే వ్రాసి ఉంచుకోవడం మేలు. పరభాషా ప్రాంతంలో నివసించేవారికి ఇది మరీ అవసరం. ‘గ్యాస్’ అన్న ఒక్క మాట ఏ వైద్యునికీ దారి చూపదు. ‘తెల్లవారుజామున ఆకలినొప్పి, తింటే తగ్గుతుంది’ అన్న వివరం చూపుతుంది. తెలుగు బడిలో చదివే పిల్లలు ఇంటిలోని పెద్దల బాధను గుజరాతీలోనో హిందీలోనో వైద్యునికి విడమరచి చెప్పగలిగితే అది చిన్న సహాయం కాదు.

తారువలె నల్లని మలం, నెత్తుటి వాంతి, మింగుడుపడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని జ్వరం, పచ్చకామెర్లు, కడుపు బల్లవలె గట్టిపడడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లలకు నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే, కారణం తేలే వరకు ఆగక, వెంటనే లవణ–చక్కెర ద్రావణం పట్టడం ప్రారంభించాలి.