పీట్ నేల చెప్పే కథలు

ఐర్లండు పల్లెల్లో ఒక నమ్మకం ఉండేది. ఊరి బయట పీట్ నేల మీద ఎక్కడో ఒకచోట మాయ గడ్డిపెళ్ళ ఒకటి ఉంటుందట. దాని మీద కాలు పడిందో, పుట్టి పెరిగిన ఊరే అయినా దారి తెలియక తెల్లవార్లూ అక్కడక్కడే తిరగాల్సిందేనట. విరుగుడు కూడా వాళ్ళే చెప్పారు. కోటు విప్పి, తిరగేసి తొడుక్కుంటే దారి కనిపిస్తుందట!

నవ్వు వస్తోంది కదూ? నవ్వండి, తప్పులేదు. కాని ముందు ఆ నేల ఎలాంటిదో చూద్దాం.

ఐర్లండులోను, పొరుగున ఉన్న స్కాట్లండులోను ఏడాది పొడుగునా వానలు పడుతుంటాయి. ఎండ తక్కువ. నీరు నిలిచే చోట్ల స్ఫాగ్నం అనే మొక్క పెరుగుతుంది. ఇది మీరు పాఠంలో చదివే మాస్ జాతి మొక్కే. తన బరువుకు ఎన్నోరెట్ల నీటిని స్పంజిలా పట్టి ఉంచుతుంది. నీటిలోని లవణాల అయాన్లను తీసుకుని హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది కాబట్టి ఆ నీరు ఆమ్లంగా మారుతుంది. అడుగున ఆక్సిజన్ అందదు. చలి, ఆమ్లం, ఆక్సిజన్ లేకపోవడం, ఈ మూడూ కలిస్తే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు పని సాగదు. చచ్చిన మొక్క సగం కుళ్ళి అలాగే ఉండిపోతుంది. దాని మీద కొత్తది పెరుగుతుంది. ఇలా పేరుకున్న గోధుమరంగు పదార్థమే పీట్. బొగ్గు పుట్టుకలో మొదటి మెట్టు ఇదే. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే, మీటరు లోతు తవ్వితే వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళామన్న మాట!

ఇలాంటి నేల ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. గురుతు పెట్టుకుందామంటే చెట్టు ఉండదు. పైగా పొగమంచు. గురుతులు కనిపించని చోట మనిషి తిన్నగా నడుస్తున్నాననుకుంటూనే గుండ్రంగా తిరుగుతాడని 2009లో జర్మనీ శాస్త్రజ్ఞులు అడవిలోను, సహారా ఎడారిలోను మనుషులను నడిపించి చూపారు. మాయ గడ్డిపెళ్ళ కథలో ఉన్నది ఈ అనుభవమే. మరి కోటు సంగతి అంటారా? కంగారుపడి పరుగెత్తేవాడు కోటు తిరగేసుకోవాలంటే కాసేపు ఆగాలి. ఆ ఆగడమే వాణ్ణి ఊబిలో పడకుండా కాపాడి ఉంటుందని నా ఊహ.

రాత్రిళ్ళు ఆ నేల మీద చిన్న దీపాలు కదిలేవనీ, వాటి వెంట వెళ్ళినవాళ్ళు ఊబిలో దిగబడేవారనీ మరో కథ. స్కాట్లండులో ఆ దీపాన్ని స్పంకీ అన్నారు. మన పల్లెల్లో అయితే కొరివిదయ్యం అంటారు. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా ఒక సరస్సు ఒడ్డున బురద కదిపి, పైకి వచ్చిన బుడగలను పట్టి, అది మండే వాయువని చూపాడు. అదే మీథేన్. కాని మీథేన్ దానంతటది అంటుకోదు. మరి నిప్పు పెట్టేదెవరు? ఫాస్ఫరస్ కలిసిన వాయువని చాలాకాలం చెప్పుకున్నారు. 2025లో కొందరు శాస్త్రజ్ఞులు నీటిలోని మీథేన్ బుడగల మధ్య అతి చిన్న మెరుపులు పుట్టడం ప్రయోగశాలలో చూశారు. చర్చ ఇంకా ముగియలేదు.

చెట్లు లేని ఆ ఊళ్ళలో పీటే వంటచెరుకు. పొడుగాటి పారతో ఇటుకల్లా కోసి, గాలికి ఆరబెట్టి పొయ్యిలో వేస్తారు. అలా కోసేటప్పుడు ఒక్కోసారి పారకు వెన్న ముద్దలు తగులుతాయి. ఎప్పుడో ఎవరో కొయ్య పాత్రలో పెట్టి పాతిన వెన్న! కొన్ని ముద్దల వయసు మూడు వేల ఏళ్ళు దాటింది.

1930 తరువాతి సంవత్సరాలలో మేయో జిల్లాలోని బెల్డెరిగ్ పల్లెలో పాట్రిక్ కాల్‌ఫీల్డ్ అనే బడిపంతులు పీట్ కోస్తుంటే అడుగున రాళ్ళు కనిపించాయి. రాళ్ళుండటం వింత కాదు. అవి గోడలా పేర్చినట్టు ఉండటం వింత. పీట్ కింద గోడ ఉందంటే, పీట్ పుట్టకముందే దాన్ని ఎవరో కట్టి ఉండాలి. ఎంత సులువైన తర్కమో చూడండి! ఆయన కుమారుడు సీమస్ పురావస్తు శాస్త్రజ్ఞుడై, 1970 తరువాత ఇనుప కడ్డీలు నేలలోకి గుచ్చుతూ పోయాడు. కడ్డీ ఠక్కున ఆగిన చోట రాయి ఉన్నట్టు. ఇలా నేల తవ్వకుండానే ఎన్నో చదరపు కిలోమీటర్ల మేర పాతకాలపు పొలాల గోడలు పటంలోకి ఎక్కాయి.

ఇంతకీ ఆ కథలు ఎవరు రాసిపెట్టారు? 1937 నుంచి 1939 దాకా ఐర్లండులో సుమారు 5,000 బడుల పిల్లలు, మీ ఈడువాళ్ళే, తాతలనూ అవ్వలనూ అడిగి నోటుపుస్తకాల్లోకి ఎక్కించారు. అవి డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో భద్రంగా ఉన్నాయి.

నేలే అంత భద్రంగా లేదు. విద్యుత్ కేంద్రాల కోసం యంత్రాలతో కాలువలు తవ్వి పెద్ద ఎత్తున ఆరబెట్టారు. ఆరిన పీట్‌లోకి ఆక్సిజన్ చేరుతుంది, సూక్ష్మజీవులు మేలుకుంటాయి, వేల ఏళ్ళుగా నిలవ ఉన్న కార్బన్ కాస్తా కార్బన్ డై ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. ప్రపంచంలోని నేలలో పీట్ ఉన్నది నూటికి మూడు వంతులే. అయినా అడవుల్లోని చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ కార్బన్ అందులో ఉంది. అందుకే ఐర్లండు ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా 2021లో పీట్ తవ్వకం మానేసినట్టు ప్రకటించింది. కాని తరతరాలుగా సొంత పొయ్యికి కోసుకుంటున్న కుటుంబాలు, మా ఇంటి నిప్పు ఆర్పమంటే ఎలా అంటాయి. ఆ మాటను తేలిగ్గా తోసెయ్యలేం. స్కాట్లండు ఉత్తరాన ఉన్న ఫ్లో కంట్రీ పీట్ నేలను 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఐర్లండులో ఒకప్పుడు పీట్ తవ్విన కార్మికులలో కొందరు ఇప్పుడు అవే కాలువలకు అడ్డుకట్టలు వేస్తున్నారు. నీరు నిలిచిన చోట స్ఫాగ్నం మళ్ళీ పాకుతోంది.